దాండేకర్ అడిగిన ప్రశ్న

ఎపిసోడ్‌లో టైమ్ చాలక సి.ఆర్.రావు గారి సంగతి రెండు ముక్కల్లో ముగించేశాం. మిగతాది ఇక్కడ రాస్తున్నా. మా అమ్మాయి ఇక్కడే, ఎడిసన్‌లో, కాలేజీలో స్టాటిస్టిక్స్ మొదటి కోర్సు తీసుకుంది. "క్లాసులో డౌట్ అడగాలంటే భయం నాన్నా" అంది. దాంతో గుర్తొచ్చిన కథ ఇది.

కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 1920లో అప్పటి బళ్ళారి జిల్లా హడగళిలో పుట్టారు. తెలుగు కుటుంబం. ఎనిమిదో సంతానం, అందుకే కృష్ణుడి పేరు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, అక్కడే రీసెర్చికి స్కాలర్‌షిప్ అడిగితే దరఖాస్తు ఆలస్యమైందని ఇవ్వలేదు. మిలిటరీ సర్వే ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. అదీ రాలేదు. బస చేసిన హోటల్లో ఒకాయన కలిసి, తను మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్‌లో ఉన్నానన్నాడు. అలా 1941 జనవరిలో రావు గారూ చేరిపోయారు. కలకత్తా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ఎమ్మే మొదటి బ్యాచ్ ఆయనదే. 1943లో పాసై, వెంటనే పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

1944లో ఒకరోజు క్లాసులో ఫిషర్ ఫలితం చెబుతున్నారు. శాంపిల్ బాగా పెద్దదైతే, అంచనాలో ఉండే ఊగిసలాట ఒక హద్దు కంటే కిందికి దిగదని. దాండేకర్ అనే విద్యార్థి, మరి చిన్న శాంపిల్‌కి కూడా అలాంటిది ఉందా అని అడిగాడు. రావు గారి దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని తేల్చి, మర్నాడు క్లాసులో చెప్పేశారు! 1945లో కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. స్వీడన్‌లో క్రామేర్ కూడా విడిగా అదే తేల్చడంతో, అది క్రామేర్–రావు హద్దు అయింది.

మా సైట్ భాషలో చెప్తా. స్లాబ్ నిండా కాంక్రీటు పోస్తాం, ల్యాబ్‌కి వెళ్ళేది కొన్ని సిలిండర్లే. 28 రోజులకి వాటిని పగలగొట్టి, మొత్తం స్లాబ్ బలం అంచనా వేస్తాం. ఒకవైపు మొగ్గని ఏ పద్ధతి వాడినా, ఎంత తెలివిగా లెక్కేసినా, ఆ నాలుగు సిలిండర్లు చెప్పగలిగినంతే చెబుతాయి. ఆ "చెప్పగలిగినంత" ఎంతో కొలవొచ్చని చూపించారాయన. ఐటీఐలో మాకు సగటు తీయమన్నారు, తీశాం, అంతే.

రావు గారు 1946లో కేంబ్రిడ్జి వెళ్ళి, సూడాన్ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతల మీద పనిచేస్తూ ఫిషర్ దగ్గరే పీహెచ్‌డీ చేశారు. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ ప్రైజ్ అందుకుని, ఆ ఆగస్టులోనే 102 ఏళ్ళ వయసులో బఫెలోలో పోయారు. దాండేకర్ ఆర్థికవేత్త అయ్యారు. నీలకంఠ రథ్‌తో కలిసి 1971లో భారతదేశ పేదరికం మీద పుస్తకం తెచ్చింది ఆయనే.

ఇదంతా విని మా అమ్మాయి "ఆయన పేరు మా పుస్తకంలో లేదే" అంది. మొదటి కోర్సులో రాదు మరి.