హైకోర్టు విచారణకు హద్దులు: కొన్ని తెలుగు వ్యాజ్యముల చరిత్ర

బెంగళూరు నుండి హోసూరునకు పోవు రాజమార్గముపై, ఆనేకల్లు తాలూకాలో బొమ్మసంద్ర యున్నది. ఊరి పేరు చివరనున్న ‘సంద్ర’ సముద్ర శబ్దము నుండి వచ్చినది. పెద్ద చెరువును సముద్రమని పిలుచుట కన్నడ దేశమునను, తెలుగు దేశమునను పాత వాడుకయే. చెరువు నీటి సేద్యముతో బ్రతికిన ఈ ప్రాంతమున ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధములో పారిశ్రామిక వాడ వెలసినది. కర్మాగారములు, ఔషధ పరిశ్రమలు, పెద్ద వైద్యశాలలు వచ్చినవి. 2025 ఆగస్టులో మెట్రో రైలు పసుపు మార్గము బొమ్మసంద్ర వరకు వచ్చినది. ఆనేకల్లు, హోసూరు ప్రాంతములలో తరతరములుగా నివసించు తెలుగు కుటుంబములకు తోడు, పని వెదకికొని వచ్చిన తెలుగువారును ఇచ్చట కలరు.

పొలము పోయి పరిశ్రమ వచ్చిన చోట మూడు విధముల వివాదములు తప్పవు. భూమి హక్కులను గూర్చియు, వాటాలను గూర్చియు నడచు సివిలు దావాలు మొదటివి. కంట్రాక్టుల నుండియు, రహదారులకై జరుగు భూసేకరణ నుండియు పుట్టు మధ్యవర్తిత్వ వ్యవహారములు రెండవవి. ఉద్యోగము, జీతము, పదోన్నతి, దండనలకు సంబంధించిన సర్వీసు వివాదములు మూడవవి. ఈ మూడును హైకోర్టు గడప త్రొక్కవచ్చును. క్రింద ఓడినవాడు ‘హైకోర్టులో తేల్చుకొందము’ అనుట లోకములో పరిపాటి. అచ్చట వ్యవహారమంతయు మొదటి నుండి మరల తూకము వేయబడునని వాని నమ్మకము. ఆ నమ్మకము ఎంతవరకు నిజమో న్యాయస్థానముల చరిత్రయే చెప్పగలదు. ఆ చరిత్రలో తెలుగు నేల నుండి వెళ్ళిన వ్యాజ్యములకు ముఖ్యమైన స్థానము కలదు.

ఈ ప్రాంతమునకు హైకోర్టు ఏర్పడిన క్రమము మొదట గుర్తింపదగినది. మైసూరు సంస్థానములో 1884లో చీఫ్ కోర్టు స్థాపింపబడెను. అది 1930లో మైసూరు హైకోర్టు ఆయెను. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు విశాల మైసూరునకును, 1973లో రాష్ట్రము పేరు మారినపుడు కర్ణాటకమునకును అదియే హైకోర్టుగా నిలిచినది. బెంగళూరులో అఠారా కచేరి యను ఎఱ్ఱని భవనము దాని నెలవు. తెలుగువారి హైకోర్టు మద్రాసు నుండి విడివడి 1954లో గుంటూరున వెలసి, 1956లో హైదరాబాదు చేరి, 2019 జనవరి 1 నుండి రెండు హైకోర్టులైనది. ఊళ్ళు వేరైనను, ఈ హైకోర్టులన్నిటికిని విచారణ సూత్రములు ఒక్కటే. కావున హైదరాబాదులో పుట్టిన న్యాయసూత్రము సుప్రీంకోర్టు మీదుగా బొమ్మసంద్ర వానికిని వర్తించినది.

సివిలు వ్యవహారములలో అప్పీలు రెండు తెరగులు. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 96వ సెక్షను క్రిందిది మొదటి అప్పీలు. అందు సాక్ష్యమును, చట్టమును గూడ మరల పరిశీలింపవచ్చును. దావా విలువను బట్టి అది జిల్లా కోర్టునకో హైకోర్టునకో పోవును. 100వ సెక్షను క్రిందిది రెండవ అప్పీలు. అది హైకోర్టునకే పోవును. అందు సాక్ష్యపు తూకమునకు తావులేదు. ఈ భేదమును మరచి రెండవ అప్పీళ్ళను మొదటి అప్పీళ్ళవలె వినుట ఒకప్పుడు కొన్ని హైకోర్టులలో అలవాటయ్యెను. తెలుగు నేల నుండి సుప్రీంకోర్టునకు పోయిన పట్టాభిరామస్వామి దేవుని వ్యాజ్యములో ఈ విషయమే చర్చకు వచ్చినది. దేవుడే కక్షిదారుడైన భూవివాద మది. జిల్లా న్యాయాధిపతి సాక్ష్యమును పరిశీలించి నిర్ణయించిన విషయమును హైకోర్టు తారుమారు చేసెను. ఆంధ్ర హైకోర్టునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియై, 1958లో సుప్రీంకోర్టు చేరిన కోకా సుబ్బారావు గారు ఆ అప్పీలులో తీర్పు చెప్పిరి. విషయ నిర్ణయములో ఎంత పెద్ద పొరపాటు కనబడినను, అది యొక్కటే రెండవ అప్పీలునకు కారణము కాజాలదని వారు నిర్ధారించిరి. 1959 నాటి న్యాయనివేదికలలో ముద్రితమైన ఆ తీర్పు ఇప్పటికిని ఉదాహరింపబడుచున్నది. తరువాత 1976లో పార్లమెంటు 100వ సెక్షనును మార్చెను. చట్టమునకు సంబంధించిన గట్టి ప్రశ్న యున్ననే రెండవ అప్పీలు చెల్లునని, ఆ ప్రశ్నను హైకోర్టు ముందుగా వ్రాసి చూపవలెనని నియమము వచ్చినది.

సర్వీసు వివాదములలో ఇట్టి హద్దును గీసినది మరియొక తెలుగు వ్యాజ్యము. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో ఒక సబ్ ఇన్‌స్పెక్టరు శాఖాపరమైన విచారణ తరువాత ఉద్యోగము కోల్పోయెను. హైకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. రాష్ట్ర ప్రభుత్వము సుప్రీంకోర్టునకు పోయెను. 1963లో వెలువడిన శ్రీరామారావు కేసు తీర్పు అదియే. రాజ్యాంగము 226వ అధికరణము క్రింద రిట్ వినునపుడు హైకోర్టు శాఖాధికారులపై అప్పీలు కోర్టు కాదని, సాక్ష్యము చాలునా చాలదా యని తూచుట దాని పని కాదని అందు నిర్ణయమైనది. మరి హైకోర్టు చూచున దేమి? విచారణ జరిపినవాడు తగిన అధికారము గలవాడా, నియమము ప్రకారము జరిపెనా, ఉద్యోగికి తన మాట చెప్పుకొను అవకాశ మిచ్చెనా, నిర్ణయమునకు ఆధారముగా కొంత సాక్ష్యమైనను కలదా, విచారణతో సంబంధము లేని కారణములు తీర్పును వంచినవా, బుద్ధిమంతుడెవ్వడును చేయరాని నిర్ణయమును చేసెనా, ఇవియే చూచును. అనగా నిర్ణయము మంచిదా యని కాదు, నిర్ణయించినవాడు హద్దులోనుండి నిర్ణయించెనా యని ప్రశ్న.

ఈ పరీక్ష చిన్నదిగా తోచును. కాని దీనినే తొలగింప జూచినపుడు దాని విలువ తెలిసినది. ఆంధ్రప్రదేశ్‌లో 1969, 1972 సంవత్సరముల ఉద్యమముల తరువాత, 1973లో జరిగిన ముప్పదిరెండవ సవరణ రాజ్యాంగమున 371-డి అధికరణమును చేర్చెను. దాని ననుసరించి రాష్ట్రోద్యోగుల వివాదములకై ఒక పరిపాలనా ట్రిబ్యునలు ఏర్పడెను. హైకోర్టునకు ఆ విషయములలో అధికారము పోయెను. అంతేగాక, ట్రిబ్యునలు ఇచ్చిన ఉత్తరువును మార్చుటకు గాని రద్దుచేయుటకు గాని రాష్ట్ర ప్రభుత్వమునకు అధికార మీయబడెను. ప్రతివాదియైన ప్రభుత్వమే తనపై వచ్చిన తీర్పును కొట్టివేయగల స్థితి యేర్పడినది. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో ఆ నిబంధనను రాజ్యాంగ విరుద్ధమని త్రోసివేసెను.

హైకోర్టు అధికారము తొలగుట మాత్రము మిగిలియుండెను. 1985 నాటి పరిపాలనా ట్రిబ్యునళ్ళ చట్టము దేశమంతట ఇట్టి ఏర్పాటునకు త్రోవ చేసెను. 1986లో కర్ణాటకములోను అట్టి ట్రిబ్యునలు వెలసినది. 1993లో సాకినాల హరినాథ్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్ణ ధర్మాసనము ఒక సాహసమైన నిర్ణయము చేసెను. హైకోర్టుల రిట్ అధికారమును తీసివేయుటకు వీలిచ్చిన రాజ్యాంగ సవరణ భాగమే చెల్లదని చెప్పెను. ఇట్టి ప్రశ్నలన్నియు ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము ఎదుటికి వచ్చినవి. ఎల్. చంద్రకుమార్ కేసు అను పేర 1997 మార్చి 18న తీర్పు వెలువడినది. హైకోర్టు సమీక్షాధికారము రాజ్యాంగపు మౌలిక స్వరూపములో చేరినదని, దానిని ఏ సవరణయు తీసివేయజాలదని ఆ తీర్పు సారాంశము. ఉద్యోగి మొదట ట్రిబ్యునలునకే పోవలెను; ఆపై హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము వినును. ఆంధ్ర, తెలంగాణములు రెంటను ఆ ట్రిబ్యునలు తరువాత రద్దైనను, హైదరాబాదు తీర్పుతో నిలిచిన సూత్రము కర్ణాటక ప్రభుత్వోద్యోగికి నేటికిని రక్షగా నున్నది.

కర్మాగార కార్మికుని త్రోవ వేరు. వాని వివాదము కార్మిక న్యాయాధికార స్థానములో మొదలగును. ఇచ్చట బెంగళూరు వ్యాజ్యమే దేశమునకు మార్గము చూపినది. బెంగళూరు నీటి సరఫరా మండలి కొందరు ఉద్యోగులకు జరిమానాలు విధించి సొమ్ము వసూలు చేసెను. తమ మాట వినకయే దండించిరని వారు 1972లో లేబరు కోర్టు నాశ్రయించిరి. ‘మేము పరిశ్రమ కాము, ఈ కోర్టునకు అధికారము లేదు’ అని మండలి వాదించెను. లేబరు కోర్టు ఒప్పుకొనలేదు. మండలి హైకోర్టులో రిట్లు వేసెను, అవియు కొట్టివేయబడినవి. 1978 ఫిబ్రవరి 21న ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము అధిక సంఖ్యాకుల అభిప్రాయముతో మండలి వాదమును త్రోసివేసెను. యజమానియు పనివారును కలిసి, క్రమబద్ధముగా, మనుష్యుల అవసరములు తీర్చు వస్తువులను గాని సేవలను గాని సమకూర్చుచో అది పరిశ్రమయేనని వి. ఆర్. కృష్ణయ్యరు గారి తీర్పు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టమునకు బదులు 2020లో చేయబడిన పారిశ్రామిక సంబంధముల స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అందు పరిశ్రమ నిర్వచనము కొంత ఇరుకైనది. అయినను బెంగళూరు వ్యాజ్యము ఒక విషయము తేటపరచుచున్నది. కొందరి జరిమానాలతో మొదలైన ఆ వివాదములో హైకోర్టు పరీక్షించినది వారి తప్పొప్పులను కాదు. వారి మాట వినుటకు లేబరు కోర్టునకు గల అధికారమును.

మధ్యవర్తిత్వమున హద్దు మరింత దగ్గరగా నున్నది. పెద్దమనుష్యుల తీర్పు తెలుగువారికి క్రొత్తది కాదు. కాని 1940 నాటి చట్టమునకు బదులు వచ్చిన 1996 నాటి చట్టము మధ్యవర్తి తీర్పునకు గొప్ప బలము కలిగించెను. దానిని త్రోసివేయగోరువాడు 34వ సెక్షను క్రింద మూడు నెలలలోపల అర్జీ పెట్టవలెను. తగిన కారణము చూపినచో మరి ముప్పది దినముల గడువు కలదు, అటుపై లేదు. నోటీసు అందకపోవుట, మధ్యవర్తి తనకు అప్పగింపని విషయమును తీర్చుట, ప్రజానీతికి విరుద్ధమగుట వంటి కొలది కారణములే చెల్లును. ఆ కోర్టు నిర్ణయముపై 37వ సెక్షను క్రింద హైకోర్టునకు వచ్చు అప్పీలునకును ఇవే కారణములు హద్దు.

ఈ హద్దు భూమి పోయినవానికి ఎంత గట్టిగా తగులునో పొరుగు తమిళనాడు వ్యాజ్యము చూపుచున్నది. జాతీయ రహదారికి భూమి పోయిన రైతులకు చదరపు మీటరునకు 46.55 మొదలు 83.15 రూపాయల వరకు నిర్ణయమైనది. అట్టి పరిహారముపై తగవు వచ్చినచో కేంద్ర ప్రభుత్వము నియమించిన మధ్యవర్తియే తీర్చునని 1956 నాటి జాతీయ రహదారుల చట్టము. ఆ మధ్యవర్తియు ధర పెంచలేదు. జిల్లా కోర్టు దానిని 645 రూపాయలు చేసెను. మద్రాసు హైకోర్టు సమ్మతించెను. 2021 జూలైలో హకీమ్ కేసులో సుప్రీంకోర్టు, 34వ సెక్షను క్రింద తీర్పును రద్దుచేయవచ్చును గాని మార్చి వ్రాయరాదని చెప్పెను. అయినను న్యాయము దృష్ట్యా ఆ రైతులకు వచ్చిన సొమ్ము జోలికి పోలేదు. 2025 ఏప్రిల్ 30న ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు, కొన్ని పరిమిత సందర్భములలో కోర్టు మధ్యవర్తి తీర్పును మార్చవచ్చునని నిర్ణయించిరి. జాతీయ రహదారి ప్రక్కనున్న బొమ్మసంద్ర వారికి ఈ చరిత్ర దూరపు కథ కాదు.

ఈ వ్యాజ్యములన్నిటిని కలిపి చూచినచో హైకోర్టు స్వరూపము తేటపడును. మొదటి అప్పీలు విడిచినచో, అది క్రిందివారు తూచిన దానిని మరల తూచునది కాదు. తూచినవారు హద్దు మీరకుండ చూచునది. ఆ కాపలాను ఎవ్వరును తీసివేయజాలరు. ఆ కాపలా తూకముగా మారజాలదు. కావున సాక్ష్యము, దస్తావేజు, సంజాయిషీ అన్నియు మొదటి మెట్టుననే నిలువవలెను. అచ్చట చెప్పని మాట పైన చెప్పుట మిక్కిలి కష్టము.

కర్ణాటకములోని తెలుగువారికి ఇందు ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. రాజ్యాంగము 348వ అధికరణము ననుసరించి హైకోర్టు భాష ఆంగ్లము. అచ్చట వకీలు కక్షిదారుని తరఫున మాటలాడును. కాని విషయము తేలునట్టి మొదటి మెట్టున, ఆనేకల్లు కోర్టులోను, ప్రభుత్వ కచేరీలోను నడచునది కన్నడము. అభియోగ పత్రము చదువలేక సంతకము చేసినవాడు, నోటీసు గడువు తెలియక ఊరకున్నవాడు, తెలుగు కాగితమునకు అనువాదము చేయింపనివాడు అచ్చటనే నష్టపోవును. నోటీసే అందకున్నచో హైకోర్టు అడ్డుపడును; అందిన నోటీసును చదువకున్నచో అడ్డుపడుట అరుదు. అందువలన కర్ణాటకములోని తెలుగు బాలునికి మాతృభాషతో పాటు కన్నడమును చక్కగా చదువ నేర్పుట సాహిత్య విషయము మాత్రమే కాదు. వాని భూమిని, ఉద్యోగమును కాపాడు విషయము. తెలుగు సంఘములు తమవారికి వచ్చిన కాగితములను చదివి గడువు తెలిపి, అనువాదము చేసి యిచ్చు ఏర్పాటు చేసినచో, ఆ సాయము మొదటి మెట్టుననే అందును.