చిట్టా చేతిలో, ఆవర్జా ఎక్కడ?

పాతకాలపు దుకాణాల్లో లెక్కలు ఎలా రాసేవారో మీ ఇంట్లో పెద్దలను అడిగి చూడండి. రెండు పుస్తకాలు ఉండేవని చెబుతారు. ఏ రోజు లావాదేవీలు ఆ రోజు వరసగా రాసేది చిట్టా. వాటిని విడదీసి ఖాతాలవారీగా ఎక్కించేది ఆవర్జా. బాకీల వసూలుకు పల్లెలు తిరిగే గుమాస్తా చిన్న పుస్తకం ఒకటి వెంట ఉంచుకునేవాడే గాని, ఆవర్జాను దుకాణం గడప దాటించేవాడు కాదు. అది వానకు తడిసినా, దారిలో పోయినా వ్యాపారమే తలకిందులవుతుంది. అయితే ఆవర్జా దగ్గర లేనప్పుడు ఎవరి బాకీ ఎంతో అతనికి కచ్చితంగా తెలిసేదెలా?

తిరిగి పనిచేసేవారికి సాఫ్ట్‌వేరు ఎంచుకోవడంలో ఈనాటికీ ఉన్న చిక్కు ఇదే. ప్రోగ్రామునూ సమాచారాన్నీ సొంత యంత్రంలో ఉంచుకోవాలా? లేక దూరాన ఉన్న సర్వరులో ఉంచి వెబ్ ద్వారా అందుకోవాలా? అరవై ఏళ్ళకు పైబడిన చరిత్రలో ఈ ప్రశ్నకు జవాబు పలుమార్లు మారింది.

మొదట్లో అంతా ఒకే చోట ఉండేది. 1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కార్బటో బృందం, ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలంలో వాడుకునే పద్ధతిని ప్రదర్శించింది. వాడేవారి ముందు ఉండేది టైపురైటరు లాంటి సాధనం మాత్రమే. లెక్క చేసేదీ, గుర్తు పెట్టుకునేదీ పెద్ద యంత్రమే. దానితో సంబంధం తెగితే పని ఆగిపోయినట్టే.

1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ రూపొందించిన విసికాల్క్ వచ్చాక పరిస్థితి మారింది. ఒక గడిలో అంకె మారిస్తే దానిపై ఆధారపడిన అంకెలన్నీ వాటంతట అవే మారే ఈ లెక్కల ప్రోగ్రాము, ఆపిల్-2 కంప్యూటరును వ్యాపారుల బల్లమీదికి చేర్చింది. 1981లో, బాల్యంలో కొంతకాలం తమిళనాడులో గడిపిన ఆడమ్ ఆస్బోర్న్, చేత్తో మోసుకుపోగల ఆస్బోర్న్-1 కంప్యూటరును అమ్మకానికి పెట్టాడు. బరువు సుమారు 11 కిలోలు, తెర 5 అంగుళాలు! ఎట్టకేలకు ఆవర్జా గడప దాటింది. కాని దానితో కొత్త తలనొప్పి మొదలయింది. ఆఫీసులో ఒక ప్రతి, అమ్మకందారు దగ్గర మరొక ప్రతి. రెండూ వేర్వేరు అంకెలు చెబితే ఏది నిజం?

ఇది ఎంత తీవ్రమైన ప్రశ్నో మన రైల్వే రిజర్వేషన్లను చూస్తే తెలుస్తుంది. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషన్ మొదలయింది. ఆ తరువాత ఇతర పెద్ద కేంద్రాల్లోనూ వచ్చింది. అయితే ఏ కేంద్రం కంప్యూటరు ఆ కేంద్రానిదే. వీటన్నిటినీ కలపగల ‘కన్సర్ట్’ అనే సాఫ్ట్‌వేరు 1994లో మొదట మన సికిందరాబాదులోనే అమలయింది. 1999 నాటికి కేంద్రాలన్నీ అనుసంధానమయ్యాయి. బెర్తు అనేది ఒక్కటే వస్తువు. రెండు ఊళ్ళలో రెండు ప్రతులు పెట్టుకుని ఎవరికి వారు అమ్మితే, రాత్రివేళ రైల్లో ఇద్దరు ప్రయాణికులు ఒకే బెర్తు కోసం తగువులాడుకోవాలి. కాబట్టి ఇక్కడ ఆవర్జా ఒక్కటే ఉండాలి, అందరూ దాన్నే చూడాలి. 2002లో టిక్కెట్లు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు కూడా ఈ సూత్రం మారలేదు.

వ్యాపార సాఫ్ట్‌వేరు కూడా ఇదే దారి పట్టింది. 1999లో అమెరికాలో ప్రారంభమైన సేల్స్‌ఫోర్స్ సంస్థ, అమ్మకాల లెక్కలను బ్రౌజరులోనే చూసుకునే వీలు కల్పించింది. మన దేశంలో 1986లో బల్లమీది లెక్కలతో టాలీ బయలుదేరితే, 2005లో వెబ్‌లో రాసుకునే సాధనంతో జోహో వచ్చింది. ల్యాప్‌టాప్ పోయినా లెక్క పోదు. సరిదిద్దిన ప్రోగ్రాము అందరికీ ఒకేసారి అందుతుంది. మరి సిగ్నలు లేని చోట?

దీనికి జవాబు వెదికినవారిలో మద్రాసు ఐఐటీలో చదివిన మహదేవ్ సత్యనారాయణన్ ఒకరు. 1987లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ‘కోడా’ పరిశోధనలో, ఆయనా జేమ్స్ కిస్ట్లరూ మూడు మెట్ల పద్ధతిని రూపొందించారు. సంబంధం ఉన్నప్పుడు కావలసిన ఫైళ్ళను ముందుగానే సొంత యంత్రంలో నిలవ చేసుకోవాలి. సంబంధం తెగినప్పుడు ఆ నిలవతోనే పని సాగించాలి. తిరిగి కలిసినప్పుడు మార్పులను సర్వరుకు అప్పగించాలి. ఒకే ఫైలును ఇద్దరూ మార్చి ఉంటే ఆ తగాదాను బయటపెట్టి పరిష్కరించాలి. గుమాస్తా చిట్టా నుంచి ఆవర్జాకు ఎక్కించడం లాంటిదే ఇదీ!

2016లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ‘అన్‌మోల్’ ఇటువంటిదే. ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎం గర్భిణుల వివరాలను, పిల్లల టీకాల వివరాలను ట్యాబ్లెట్‌లో నమోదు చేస్తుంది. నెట్ లేకపోయినా అది పనిచేస్తుంది, నెట్ దొరికినప్పుడు వివరాలను పైకి పంపుతుంది. పూర్తిగా వెబ్ మీదే ఆధారపడి ఉంటే, సిగ్నలు అందని కొండ గూడెంలో ఒక తల్లికి రక్తహీనత ఉందన్న సంగతి ఆ పూట నమోదే కాదు. పూర్తిగా ట్యాబ్లెట్‌లోనే ఉండిపోతే, అది పగిలిన రోజున ఆ సంగతి ఆస్పత్రికి చేరనే చేరదు.

రేపు మీరే ఒక సంస్థకు సాఫ్ట్‌వేరు ఎంచుకోవలసి వస్తే, డెస్క్‌టాప్ గొప్పదా, వెబ్ గొప్పదా అని వాదించకండి. ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ సమాచారం రైలు బెర్తు లాంటిదా, అంటే ఇద్దరు ఒకేసారి మారిస్తే నష్టం జరుగుతుందా? అలాగైతే ఒకే ఆవర్జా ఉండాలి, సంబంధం లేనప్పుడు కాసేపు ఆగక తప్పదు. లేక సంబంధం తెగినంతలో పని ఆగితే ఒక మనిషికి కీడు జరుగుతుందా? అలాగైతే చేతిలో చిట్టా ఉండి తీరాలి. ఆ చిట్టా ఏ రోజుకారోజు ఆవర్జాకు ఎక్కుతున్నదా అన్నది కూడా మీరే చూసుకోవాలి.