కిలోకు 20 మిల్లీగ్రాములు

దుకాణంలో కొన్న పొట్లం మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని అచ్చువేసి ఉంటే, అందులో గ్లూటెన్ బొత్తిగా లేదని కాదు. కిలో సరుకులో 20 మిల్లీగ్రాములకు మించి లేదని అర్థం. గోధుమపిండిలో సుమారు పదో వంతు గ్లూటెనే. కాబట్టి కిలో జొన్నపిండిలో 200 మిల్లీగ్రాముల గోధుమపిండి కలిస్తే చాలు, ఆ హద్దుకు చేరినట్టే. వేలికొసలకు అంటుకుని కనపడీ కనపడనంత పిండి అది. గ్లూటెన్ తగిలితే చిన్నపేగు దెబ్బతినే సీలియాక్ వ్యాధి ఉన్నవారి ఆరోగ్యం ఈ అంకె మీద ఆధారపడి ఉంది. అయితే దీన్ని ఏ ఒక్క శాస్త్రవేత్తో ఒక్కనాడు కనిపెట్టలేదు. పేగు ఎంత ఓర్చుకుంటుంది, పరీక్ష ఎంత పసిగడుతుంది, మిల్లు ఎంత శుభ్రంగా ఉండగలదు అన్న ప్రశ్నల మధ్య దాదాపు 60 ఏళ్లు సాగిన బేరంలో ఇది తేలింది. ఏ కాలంలోనైనా ‘గోధుమ లేదు’ అన్న మాటకు, ఆ కాలపు పరీక్షకు గోధుమ చిక్కలేదన్నదే అసలు అర్థమని ఈ చరిత్ర చెబుతుంది.

గ్లూటెన్‌ను విడదీసి చూపించినవాడు ఇటలీలోని బొలోన్యా నగరానికి చెందిన యాకొపో బెక్కారి. 1728లో అక్కడి విద్వత్సభ ముందు పెట్టిన ఆ పరిశోధన 1745లో అచ్చయింది. ఆయన చేసిన పని ఏ వంటింట్లోనైనా చేసి చూడవచ్చు. గోధుమపిండిని గట్టిగా ముద్ద కలిపి, సన్నని నీటిధార కింద పట్టుకుని పిసుకుతూ పోవాలి. మొదట నీళ్లు పాలలా తెల్లగా దిగుతాయి. అది పిండిపదార్థం. నీళ్లు తేరుకునే వేళకు చేతిలో బూడిదరంగు జిగురు ముద్ద మిగులుతుంది. లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. రొట్టె పొంగడానికి ఈ జిగురే కారణం. బియ్యప్పిండిని ఎంత కడిగినా ఇలాంటిది మిగలదు.

ఈ జిగురు కొందరి ప్రాణాల మీదికి తెస్తుందని తెలియడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది. జబ్బు మాత్రం పాతదే. తిన్నది ఒంటబట్టక, ఆగని విరేచనాలతో చిక్కిపోయే రోగులను గురించి గ్రీకు వైద్యుడు అరెటేయస్ క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లోనే రాశాడు. లండన్ పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ గీ 1887లో ఇచ్చిన ఉపన్యాసం మరుసటి ఏడు అచ్చయింది. ఈ జబ్బు నయమయ్యేదంటూ ఉంటే అది ఆహారం వల్లనే కావాలని ఆయన తేల్చి చెప్పాడు. ఒక బిడ్డకు రోజూ డచ్చి ఆల్చిప్పల మాంసం పెడితే చక్కగా కోలుకుందనీ, ఆ రుతువు దాటాక జబ్బు తిరగబెట్టిందనీ రాసుకున్నాడు. 1924లో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యంతో పిల్లలను బతికించాడు. నిజానికి వాళ్లను బతికించింది పళ్లెంలో లేని రొట్టె. హాస్ మాత్రం ఆ గుణాన్ని అరటిపండుకే కట్టబెట్టాడు. దాంతో కోలుకున్న పిల్లలను మళ్లీ రొట్టె తిననిచ్చారు. వైద్యం ఫలించింది గానీ కారణం పొరపాటైంది. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించినవాళ్లు పిల్లలు.

కారణాన్ని పట్టుకున్నవాడు డచ్చి పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికె. హేగ్ నగరంలోని యూలియానా పిల్లల ఆసుపత్రిలో పనిచేసేవాడు. ఆయన గురించి అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధం సాగుతుండగా 1944 సెప్టెంబరులో డచ్చి రైల్వే కార్మికులు సమ్మె కట్టారు. జర్మన్ ఆక్రమణదారులు కక్షగట్టి పశ్చిమ నగరాలకు తిండి వెళ్లకుండా అడ్డుకున్నారు. ఆ చలికాలంలో జనం ట్యూలిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. సుమారు 20 వేలమంది చనిపోయారు. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే రొట్టె దొరకని సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారనీ, విమానాల నుంచి రొట్టె దిగగానే మళ్లీ జబ్బుపడ్డారనీ ఆ కథ. దాన్ని కొట్టిపారేయనక్కర్లేదు, కానీ మొదలు అక్కడ కాదు. గోధుమ మీద డికెకు 1930లలోనే అనుమానం ఉంది. రొట్టె మానేశాక తన బిడ్డ కుదుటపడిందని ఒక తల్లి చెప్పిన మాటే అందుకు దారి చూపిందంటారు. గోధుమ లేని పథ్యం గురించి ఆయన 1941లోనే డచ్చి వైద్య పత్రికలో రాశాడు. కరవు ఆ అనుమానానికి సాక్ష్యం పలికిందంతే. ఈ తేడాను పట్టుబట్టి చెప్పాలనిపిస్తుంది. యుద్ధం మీదికి ఘనత మళ్లిస్తే, ఆ తల్లి గమనింపూ, ఏళ్ల తరబడి ఒక్కో బిడ్డనూ కనిపెట్టుకుని ఉన్న వైద్యుడి ఓపికా మరుగున పడిపోతాయి.

అనుమానం రుజువు కావాలంటే కొలత కావాలి. దాన్ని ఇచ్చినవాడు ఉట్రెక్ట్‌లోని రసాయన శాస్త్రవేత్త వాన్ డె కామెర్. ఒంటబట్టకుండా మలంలో పోయే కొవ్వు ఎంతో లెక్కించే సులువైన పద్ధతిని ఆయన 1949లో ప్రకటించాడు. ఇక ఏ తిండి పెడితే కొవ్వు ఎంత పోతుందో రాసి చూపించవచ్చు. గోధుమ, రై ధాన్యం ఇచ్చినప్పుడు అంకె పెరిగింది. బియ్యం, మొక్కజొన్న, బంగాళదుంప ఇచ్చినప్పుడు తగ్గింది. 1950లో డికె సిద్ధాంత గ్రంథం వెలువడింది. 1952లో బర్మింగ్‌హామ్ బృందం బెక్కారిలాగే పిండిని కడిగి, దోషం పాలలా దిగే పిండిపదార్థంలో కాదు, జిగురులో ఉందని తేల్చింది. 1950ల మధ్యలో చిన్నపేగు ముక్కను తీసి చూసే పరికరాలు వచ్చాయి. గ్లూటెన్ తగిలినచోట పోషకాలను పీల్చుకునే సన్నని మొనలు అరిగి పేగు గోడ నున్నబడిపోవడం అప్పుడు కంటికి కనిపించింది.

చికిత్స తేలికగానే తోచింది: గోధుమ, బార్లీ, రై మానేయడం. చిక్కు అక్కడే మొదలైంది. అప్పటికే గోధుమ రొట్టెలోనే కాదు, సూపు చిక్కబడటానికి, సాసేజి ముక్క అతుక్కోవడానికి, మాత్ర గట్టిపడటానికి కూడా వాడకంలో ఉంది. మిల్లుల్లో జిగురు వేరు, పిండిపదార్థం (స్టార్చి) వేరుగా తీసి అమ్మడం 19వ శతాబ్దం నుంచీ ఉంది. జిగురు తీసేసిన గోధుమ స్టార్చితో ఉత్తర ఐరోపాలో సీలియాక్ రోగులకోసం ప్రత్యేకంగా రొట్టెలు చేశారు. కడిగేశాక మిగిలిన కాస్త జిగురు ఎంతవరకు క్షేమం?

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ ఇందుకు 1979లో ఒక ప్రమాణం పెట్టింది, 1983లో సవరించింది. స్టార్చిలో నైట్రోజన్ 100 గ్రాములకు 0.05 గ్రాములు మించకూడదన్నారు. గ్లూటెన్‌ను నేరుగా కొలిచే నమ్మకమైన దారి లేక, మాంసకృత్తులన్నిటిలో ఉండే నైట్రోజన్‌ను కొలిచారు. ఆ పద్ధతి కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ 1883లో రూపొందించినది. బార్లీ గింజలోని మాంసకృత్తు లెక్క తేలితే బీరు నాణ్యత తెలుస్తుందని చేసిన ఏర్పాటు అది. రోగి క్షేమం కోసం పుట్టింది కాదు. లెక్క వేసి చూడండి: ఆ హద్దులో ఉన్న కిలో స్టార్చిలో సుమారు మూడు గ్రాముల మాంసకృత్తు ఉండవచ్చు. అందులో గ్లూటెన్ ఎంతో నైట్రోజన్ చెప్పదు. అయినా రెండు దశాబ్దాలకు పైగా ‘గ్లూటెన్ ఫ్రీ’ అన్న మాట ఈ ప్రమాణం చాటునే చెల్లుబాటైంది. అమెరికాలో రోగుల సంఘాలు గోధుమ స్టార్చిని ఒప్పుకోలేదు. నా దృష్టిలో వాళ్ల పట్టుదల సబబే.

నైట్రోజన్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో 2007లో వేరే దారిన బయటపడింది. ఆ ఏడు మార్చిలో ఉత్తర అమెరికాలో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి చనిపోతుంటే, మెనూ ఫుడ్స్ కంపెనీ సుమారు 6 కోట్ల డబ్బాలు, పొట్లాలు వెనక్కి పిలిపించింది. చైనా నుంచి ‘గోధుమ గ్లూటెన్’ పేరుతో దిగుమతైన సరుకులో మెలమైన్ అనే రసాయనం దొరికింది. పైగా అది గ్లూటెనే కాదు, మామూలు గోధుమపిండి అని అమెరికా అధికారులు తేల్చారు. మెలమైన్‌లో నైట్రోజన్ దండిగా ఉంటుంది. దాన్ని కలిపితే కెల్డాల్ పరీక్షలో పిండి కాస్తా గ్లూటెన్‌గా చలామణీ అవుతుంది. ఒకచోట ఉన్న గ్లూటెన్ సంగతి చెప్పలేకపోయిన పరీక్ష, ఇంకొకచోట లేని గ్లూటెన్‌ను ఉన్నట్టు చూపించింది.

అప్పటికి మేలైన పరీక్షలు రానే వచ్చాయి. 1990లో ఆస్ట్రేలియాలో స్కెరిట్, హిల్ గ్లూటెన్‌ను మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీతో పరీక్ష తయారుచేశారు. అది వండిన తిండిలోనూ పనిచేసింది. తర్వాత మాడ్రిడ్‌లో ఎన్రికె మెండెజ్ బృందం తెచ్చిన ఆర్5 యాంటీబాడీ గోధుమ, బార్లీ, రై మూడింటినీ పట్టుకోగలిగింది. పేగు ఎంత ఓర్చుకుంటుందన్న ప్రశ్నకు 2007లో ఇటలీ నుంచి కార్లో కటాసి బృందం ఒక జవాబిచ్చింది. పథ్యంలో ఉన్న రోగులకు మూడు నెలలపాటు రోజూ గుళికల్లో కొందరికి 10, కొందరికి 50 మిల్లీగ్రాముల గ్లూటెన్, మరికొందరికి ఉత్త గుళికలు ఇచ్చి పేగును పరీక్షించారు. రోజుకు 50 మిల్లీగ్రాములైనా పేగు చెడటానికి చాలని తేలింది. మరుసటి ఏడు, 2008లో, కోడెక్స్ నైట్రోజన్‌ను వదిలేసి కిలోకు 20 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఆ హద్దులో ఉన్న సరుకు రోజూ అరకిలో తిన్నా ఒంట్లోకి వెళ్లేది 10 మిల్లీగ్రాములే. ఐరోపా 2009లో, అమెరికా 2013లో ఇదే అంకెను చట్టంలోకి తెచ్చాయి. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హద్దూ ఇదే.

కొలత సున్నితమయ్యేకొద్దీ, ఎవరూ వెతకని చోట్లలో గోధుమ బయటపడసాగింది. 2010లో అమెరికాలో ట్రిసియా థాంప్సన్ బృందం సహజంగానే గ్లూటెన్ లేని 22 రకాల ధాన్యాలు, గింజలు, పిండ్లు కొని పరీక్షించింది. ఏడింటిలో హద్దు దాటింది. ఒక సోయాపిండిలో కిలోకు 2,925 మిల్లీగ్రాములు తేలింది. సోయా చిక్కుడులో గ్లూటెన్ లేదు. ఒకే పొలంలో పంట మార్చి పంట వేయడం, ఒకే కోత యంత్రం, ఒకే గోదాము, ఒకే మిల్లు ఆ పని చేశాయి. 2015 అక్టోబరులో అమెరికా కంపెనీ జనరల్ మిల్స్ చీరియోస్ అనే ‘గ్లూటెన్ ఫ్రీ’ ఓట్స్ అల్పాహారం 18 లక్షల పెట్టెలను వెనక్కి తీసుకుంది. ఓట్స్‌లోంచి గోధుమ, బార్లీ గింజలను ఏరివేసే యంత్రాంగం ఆ కంపెనీకి ఉంది. కానీ కాలిఫోర్నియాలోని లోడై కర్మాగారానికి రైలు మార్గం ఆగిపోవడంతో ఓట్స్ పిండిని లారీల మీదికి మార్చారు. ఆ మార్పులో గోధుమపిండి వచ్చి కలిసింది. గింజ గింజా ఏరిన శ్రమ ఒక్క బట్వాడా మార్పుతో వృథా అయింది.

భారత్‌లో ఈ జబ్బును చాలాకాలం పాశ్చాత్యుల రోగంగానే చూశారు. ఉత్తరాది పిల్లల్లో ఇది ఉందని 1966లో ఢిల్లీ వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 2011లో అచ్చయిన అధ్యయనం ఢిల్లీ ప్రాంతంలో 96 మందిలో ఒకరికి ఇది ఉందని తేల్చింది. 2016లో వెలువడిన మరో పెద్ద అధ్యయనం 23 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించింది. ఉత్తరాన 1.23 శాతం, ఈశాన్యాన 0.87, దక్షిణాన 0.10 శాతం మంది రక్తంలో ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు కనిపించాయి. జబ్బుకు అనువైన జన్యువులు మాత్రం దక్షిణాదిలోనూ ఉత్తరాదితో దాదాపు సమానం, మూడో వంతుకు పైగా జనంలో ఉన్నాయి. పెద్ద తేడా గోధుమలో ఉంది: సగటున రోజుకు ఉత్తరాన 455 గ్రాములు, దక్షిణాన వేలూరు ప్రాంతంలో 25. ఈశాన్యంలో గోధుమ తక్కువే అయినా జబ్బు గణనీయంగా ఉంది కాబట్టి ఒక్క గోధుమతోనే లెక్క తెగదు. కానీ తెలుగువారి ఇళ్లలో రాత్రిపూట అన్నం తగ్గి చపాతీ పెరుగుతున్న కాలంలో ఈ అంకెలను పట్టించుకోక తప్పదు.

గోధుమ తినని ఇంట్లోనూ అది లేకుండా పోదు. చారులో, పులిహోరలో వేసే ఇంగువ పొడినే తీసుకోండి. అసలు ఇంగువ ఘాటుకు తట్టుకోలేం కాబట్టి దాన్ని చెట్టు బంకతోనూ పిండితోనూ కలిపి అమ్ముతారు. మన ఆహార నిబంధనలే అందుకు అనుమతిస్తాయి. ఆ పిండి చాలా డబ్బాల్లో గోధుమది, కొన్నిటిలో బియ్యానిది. పక్కన రాసిన సన్నటి అక్షరాలు చదివితేనే ఏదో తెలుస్తుంది. టిఫిన్ హోటల్లో రవ్వదోశ తీసిన పెనం మీదే మినపదోశ పోస్తారు. మాల్ట్ పానీయాల్లో గోధుమ, బార్లీ దాపరికం లేకుండానే ఉంటాయి. వాటిని నీరసించిన రోగికి బలం కోసం పట్టడం మనకు పాత అలవాటు.

2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం, గ్లూటెన్ ఉన్న ధాన్యాలు కలిస్తే ఆ సంగతి పొట్లం మీద చెప్పి తీరాలి. కానీ ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు గ్లూటెన్ లేదని లేబులు ఉన్నవీ, లేబులు లేకున్నా సహజంగా గ్లూటెన్ ఉండనివీ కలిపి దాదాపు 800 నమూనాలను పరీక్షిస్తే, సుమారు పదో వంతులో హద్దు దాటింది. అన్నిటికంటే ఓట్స్ సరుకుల్లో ఎక్కువ. ఇది పొట్లాల సంగతి. మన ఊళ్లలో జొన్న, రాగి, సజ్జ పిండి వచ్చేది పిండిమర నుంచి, తెలంగాణలో చెప్పే గిర్ని నుంచి. అక్కడ ముందు బస్తా గోధుమది కావచ్చు. ఆ పిండి రాళ్ల మధ్యా గొట్టంలోనూ ఉండగానే తర్వాతివారి జొన్నలు పోస్తారు. దాని మీద లేబులు ఉండదు, పరీక్ష ఉండదు. అందుకే వైద్యులు, పోషకాహార నిపుణులు ఒకే సలహా ఇస్తున్నారు: గింజలుగానే కొని, ఏరి, కడిగి, ఆరబెట్టి, గోధుమ తగలని యంత్రంలో ఇంట్లోనే ఆడించుకోవాలి. వారం వారం ఆ పని చాలా ఇళ్లలో అమ్మల మీదే పడుతోంది.