మిత్తి మింగిన రైలు

మొన్న మా అమ్మాయి మొనోపలీ ఆటలో 200 డాలర్లు పెట్టి రీడింగ్ రైల్‌రోడ్ కొన్నది. ఇక్కడి పిల్లలకు అది బోర్డు మీద ఒక గడి, అంతే. శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయి కార్మికుడి ఇంట పుట్టి పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ నాకు మాత్రం ఆ రైలు మన సింగరేణికి దూరపు చుట్టంలా కనిపిస్తుంది.

1833లో పుట్టిన కంపెనీ అది. స్కూల్‌కిల్ లోయలోని గట్టి బొగ్గును ఫిలడెల్ఫియాకు చేర్చడం దాని పని. 1842 నాటికి పాట్స్‌విల్ దాకా రైలు నడిచింది. పక్కనే కాలువ పడవలతో ఎడతెగని పోటీ. వాటాల్లో పెద్ద భాగం లండన్‌లోని మకాల్మంట్ సోదరులది. మన నిజాం రైల్వే కంపెనీ కూడా 1883లో లండన్‌లోనే పుట్టింది కదా! కాకపోతే అక్కడ పెట్టుబడి మీద 20 ఏళ్లపాటు 5 శాతం మిత్తికి నిజాం సర్కారు పూచీ పడింది. లాభం రాకున్నా దొరలకు మిత్తి ఆగదు, ఖజానా కట్టాల్సిందే. రీడింగ్‌కు అట్లా పూచీ పడేవాళ్లు లేరు.

1869లో ఫ్రాంక్లిన్ గోవెన్ అనే వకీలు దానికి అధ్యక్షుడయ్యాడు. రైలు కంపెనీ నేరుగా గనులు కొనడానికి వీల్లేదు కనుక, 1871లో వేరే పేరుతో ఒక అనుబంధ కంపెనీ నడిపించి, అప్పు తెచ్చి, కొన్నేళ్లలో దాదాపు లక్ష ఎకరాల బొగ్గు భూములు కూడబెట్టాడు. ఈ సంగతి ఫోన్‌లో చెబితే మా బాపు అడిగిండు: "బాయి ఉన్నోనికి రైలు కావాలె గని, రైలు ఉన్నోనికి బాయెందుకు బిడ్డా?" గోవెన్ లెక్క వేరు. బొగ్గు తనదైతే కిరాయి ఎటూ పోదు, పోటీ రైళ్లకు ఒక్క టన్నూ దక్కదు.

లెక్క తప్పింది బాండ్ల దగ్గర. వాటా మీద లాభం రాని ఏడాది ఏమీ ఇవ్వనక్కర్లేదు. బాండు మిత్తి మాత్రం తారీఖుకు కట్టి తీరాలి. 1873 సంక్షోభంతో గిరాకీ పడిపోయింది. కంపెనీలన్నీ కూడబలుక్కుని నిలబెట్టిన బొగ్గు ధర 1876లో కుప్పకూలింది. అంతకుముందే, 1875లో, గని కార్మికుల సుదీర్ఘ సమ్మెను గోవెన్ ఆకలితో అణిచాడు. కూలి తగ్గింది, మిత్తి తగ్గలేదు. 1880లో రీడింగ్ ఐపీ పెట్టింది.

అప్పుడు గోవెన్ వేసిన ఎత్తుకు నాకిప్పటికీ నవ్వొస్తుంది. అసలు ఎన్నటికీ తీర్చనక్కర్లేని బాండ్లు! వాటాదారులకు 6 శాతం ముట్టిన తర్వాతే వీటికి మిత్తి. మకాల్మంట్లు ఎదురు తిరిగారు. 1884లో కంపెనీ మళ్లీ మునిగింది. గోవెన్ 1889లో వాషింగ్టన్ హోటల్ గదిలో తుపాకీతో కాల్చుకున్నాడు. తర్వాత వచ్చిన మెక్‌లాయిడ్ పక్క రైళ్లను కౌలుకు తీసుకుంటూ పోయాడు. 1893 ఫిబ్రవరిలో మూడోసారి దివాలా. ఈసారి కంపెనీ పగ్గాలు జె.పి. మోర్గన్ చేతికి పోయాయి.

రైలును, గనులను విడదీయాలని 1920లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సరిగ్గా ఆ ఏడాదే మన దగ్గర సింగరేణి కాలరీస్ పేరుతో కంపెనీ ఏర్పడింది. 1976లో రీడింగ్ పట్టాలు కాన్‌రైల్‌లో కలిసిపోయాయి. మిగిలిన కంపెనీ ఇప్పుడు సినిమా హాళ్లు నడుపుతోంది.