యాంజియోగ్రామ్‌కి కనపడని గోడ

"యాంజియోగ్రామ్ నార్మలేనట, ఇంక దిగుల్లేదు" అన్న మాట మనం తరచూ వింటుంటాం. ఆ 'నార్మల్'కి అర్థం ఎంతవరకు అన్నది తేలడానికి డాక్టర్లకి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. మనలో టెస్టింగ్ చేసేవాళ్ళకి ఈ కథ బాగా అర్థమవుతుంది.

1958లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టరు గుండె పరీక్ష చేస్తుంటే, ఎక్స్‌రేలో కనపడే మందు అనుకోకుండా కుడి కరొనరీ ధమనిలోకి వెళ్ళిపోయింది. పేషెంటు గుండె కొన్ని క్షణాలు ఆగి మళ్ళీ కొట్టుకుంది. కరొనరీ యాంజియోగ్రఫీ అలా మొదలైంది. అయితే అందులో కనపడేది రక్తం పారే దారి మాత్రమే. ఆ దారి చుట్టూ ఉన్న గోడ కనపడదు.

గోడ కనపడకపోతే ఏం? 1987లో షికాగోలో సీమోర్ గ్లాగోవ్ బృందం 136 మంది గుండెల్ని మరణానంతరం పరిశీలించి జవాబు చెప్పింది. పూడిక పెరుగుతుంటే ధమని బయటివైపుకి వ్యాకోచించి సర్దుకుంటుంది. ధమని లోపలి వైశాల్యంలో 40% దాకా పూడిక నిండినా రక్తం దారి ఇరుకు కాకపోవచ్చు! అంటే లోపల బగ్ పెరుగుతూనే ఉంది, అవుట్‌పుట్ మాత్రం సరిగ్గానే వస్తోంది.

మరి గోడని చూసేదెలా? 1970ల మొదట్లోనే నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో నికొలాస్ బోమ్, 3 మి.మీ. గొట్టం కొసకి 32 అల్ట్రాసౌండ్ ఎలిమెంట్లు అమర్చాడు. అప్పటి లక్ష్యం గుండె గదుల్ని చూడడం. 1980ల చివర్లో కాలిఫోర్నియాలో పాల్ యాక్ లాంటివాళ్ళు దీన్ని కరొనరీలో పట్టేంత సన్నగా చేశారు. పొట్ట స్కానింగ్‌కి వాడే ధ్వని 3-5 మెగాహెర్ట్జ్ అయితే, దీనికి 20-40 వాడతారు. కేథటర్‌ని మోటారుతో సెకనుకి అర మిల్లీమీటరు చొప్పున వెనక్కి లాగుతుంటే ఒక్కో అడ్డుకోత బొమ్మ వస్తుంది. బయటి గీతలోంచి లోపలి గీత తీసేస్తే మిగిలేది పూడిక. సింపుల్ తీసివేత. దీని పేరే ఐవస్.

ఈ కొలత ఏం బయటపెట్టిందో చూడండి. మార్పిడి చేసిన 262 దాతల గుండెల్ని ఐవస్‌తో చూసి క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్ళు 2001లో ఫలితాలు ప్రచురించారు. దాత వయసు ఇరవై లోపున్న గుండెల్లోనే 17% మందికి, యాభై దాటినవాళ్ళలో 85% మందికి పూడిక ఉంది. వీళ్ళు పేషెంట్లు కారు, గుండె బాగుందని ఎంపికైన దాతలు!

ఇక్కడితో ఆగి ఉంటే ఐవస్ హీరోయే. కానీ పూడిక ఎంతుందన్నది ఒక ప్రశ్న, ఎలాంటిదన్నది ఇంకో ప్రశ్న. గుండెపోటు తెచ్చే పూడికల్లో చాలావాటికి పైన పల్చటి పొర ఉంటుంది, మందం 65 మైక్రాన్ల లోపు. ఐవస్ సుమారు 100-150 మైక్రాన్లకంటే చిన్న తేడాని పట్టలేదు. అంటే అసలు ప్రమాదకరమైన పొర దాని పిక్సెల్‌కంటే చిన్నది. కాల్షియం ఉన్నచోట ధ్వని తిరిగొచ్చేస్తుంది, వెనకంతా నీడే.

ఈ లోటు పూడ్చడానికి 2000ల మొదట్లో 'వర్చువల్ హిస్టాలజీ' వచ్చింది. సిగ్నల్‌ని విశ్లేషించి కొవ్వు, కాల్షియం, మృతకణాల భాగం అంటూ రంగులేస్తుంది. బొమ్మలు చూడముచ్చటగా ఉంటాయి. తీరా 2010లో పందుల ధమనుల్ని కోసి మైక్రోస్కోప్‌లో పోల్చి చూస్తే, సాఫ్ట్‌వేర్ చూపిన మృతకణాల భాగానికీ అసలుదానికీ పొంతన లేదు. 2011లో 697 మందితో వచ్చిన ప్రాస్పెక్ట్ అధ్యయనంలో మూడు చెడ్డ లక్షణాలూ ఉన్న పూడికల్లో కూడా మూడేళ్ళలో ఇబ్బంది పెట్టినవి సుమారు 18 శాతమే.

నాకర్థమైనంతలో ఐవస్ మంచి టేపు, కానీ జోస్యం చెప్పే పరికరం కాదు. 1995లో మిలాన్‌లో ఆంటోనియో కొలంబో బృందం చూపించినట్టు, యాంజియోగ్రామ్‌లో బాగున్న స్టెంట్లు కూడా చాలావరకు సరిగ్గా విచ్చుకోలేదని తేల్చింది ఈ టేపే. ఇప్పటికీ స్టెంట్ వేసేటప్పుడే దీని విలువ తెలుస్తుంది.

కేథటర్ ఎక్కించాలి కాబట్టి హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఇది ఎలాగూ ఉండదు. అందుకే రిపోర్టులో 'నార్మల్' అని చూసినప్పుడు, ఈ పరీక్షకి ఏం కనపడుతుంది, ఏం కనపడదు అని డాక్టర్ని అడగండి. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, సిగరెట్టు సంగతి మాత్రం రిపోర్టు ఎలా వచ్చినా చూసుకోవాల్సిందే. టెస్ట్ కేసులన్నీ పాసైనంత మాత్రాన కోడ్‌లో బగ్గుల్లేవని మనమే నమ్మం కదా!