తల్లి వాటా: క్రైస్తవ వారసత్వ చట్టంపై ఒక చారిత్రక పరిశీలన

కోట, వాకాడు, చిల్లకూరు ప్రాంతాల సంఘాలలో సమాధి కార్యక్రమం ముగిసిన కొద్ది దినాలకే కాపరి ముందుకు వచ్చే ప్రశ్న ఒకటున్నది. కుమారుడు మరణించాడు, కోడలు, బిడ్డలు ఉన్నారు. ముసలి తల్లికి పొలంలో వాటా ఉన్నదా? దీని జవాబు 19వ శతాబ్దంలో ఉన్నది గనుక అక్కడి నుండే మొదలుపెడుతున్నాము.

బళ్ళారిలో మాథ్యూ అబ్రహాం అనే దేశీయ క్రైస్తవుడు 1842లో వీలునామా లేకుండా మరణించాడు. అతని సహోదరుడు ఫ్రాన్సిస్ హిందూ ఉమ్మడి కుటుంబ రీతిని చూపి ఆస్తిపై హక్కు చెప్పగా, భార్య షార్లెట్ వ్యాజ్యమాడింది. ఆ కుటుంబం హిందూ ధర్మశాస్త్రాన్ని విడిచినది గనుక ఉమ్మడి నియమం వర్తించదని 1863లో ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. రెండేళ్ళకు, ఇంగ్లీషు న్యాయాన్ని ఆధారం చేసుకొని, 1865 భారత వారసత్వ చట్టం వచ్చింది. సూళ్ళూరుపేటలో హెర్మన్స్‌బర్గ్ మిషనరీ మిలియస్ పని ఆరంభించినదీ ఆ రోజులలోనే. ఈ తీరపు లూథరన్ సంఘాలూ ఆ చట్టమూ ఒకే ఈడువి.

నేడు అమలులో ఉన్న 1925 చట్టం ప్రకారం భార్యకు మూడవ వంతు, మిగిలినది కుమారులకు, కుమార్తెలకు సమానంగా చెందుతుంది. (కట్నమిచ్చాము గదా అని కుమార్తె వాటా ఎగవేయడం మన సంఘాలలో ఉన్నదే.) కాని మరణించినవానికి పిల్లలుంటే అతని తల్లిదండ్రులకు ఏమీ రాదు. పిల్లలు లేకుంటే భార్యకు సగం, తండ్రికి సగం. తండ్రి లేనప్పుడే తల్లి వంతు వస్తుంది, అదీ మరణించినవాని తోబుట్టువులతో సమానంగా. 1956 హిందూ వారసత్వ చట్టం మాత్రం తల్లిని భార్యాబిడ్డలతో పాటు మొదటి తరగతి వారసురాలిగా నిలిపింది. ఈ విషయంలో మన చట్టమే వెనుకబడినదని మా అభిప్రాయం. రెవెన్యూ పత్రాలలో హిందువులుగా ఉన్న విశ్వాసుల సంగతి మరొక చిక్కు. దానికి వేరే వ్యాసమే కావాలి.

వాటా లేకున్నా పోషణ హక్కు ఉన్నది. 2007 తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టంలో 'పిల్లలు' అంటే మేజరైన మనుమలు, మనుమరాండ్రు కూడా. కోట నాయనమ్మ గూడూరు ఆర్.డి.ఓ. వద్దనున్న ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టవచ్చు. బ్రతికుండగానే ఆస్తి వ్రాసి ఇచ్చేవారు పోషణ షరతును పత్రంలోనే వ్రాయించాలి. షరతు లేని పత్రాన్ని రద్దు చేయడానికి 2022లో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2025లో ఊర్మిళా దీక్షిత్ కేసులో ఆ చట్టాన్ని వృద్ధుల పక్షంగా ఉదారంగా చదవాలన్నది.

తల్లికి వాటా కావాలంటే కుమారుడు వీలునామా వ్రాయడమే మార్గం. దానికి ఇద్దరు సాక్షులు చాలు. కాపరి సాక్షిగా సంతకం చేయవచ్చు. అయితే అందులో తనకు గాని తన భార్యకు గాని ఏదైనా వ్రాసి ఉంటే ఆ భాగం చెల్లదు.