గార కాదది, తాగిన నీళ్ల గుర్తు

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు నడివయసు వాళ్లు నవ్వితే ఒకసారి గమనించండి. ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు, అక్కడక్కడ సున్నం అద్దినట్టు తెల్లమచ్చలు, కొందరికి చిన్నచిన్న గుంటలు. వేపపుల్లతో ఎంత తోమినా పోవు. చిగురు లోపల పన్ను తయారవుతున్న పసితనంలోనే, తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ పైపొరను పాడుచేసింది. చాలామంది ఆడవాళ్లు ఇప్పటికీ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే నవ్వుతారు.

ఇది ఎవరికీ తెలియని జబ్బేమీ కాదు. 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బు గురించి రాశారు. 1955లో సిద్దిఖీ నల్గొండ పరిస్థితిని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. అందులో పళ్లతో పాటు వంగిపోయిన వెన్నెముకల సంగతీ ఉంది. ఈలోగా, 1945 జనవరిలో, అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణం పళ్లు పుచ్చకుండా కుళాయి నీళ్లలో కొలిచి మరీ ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. మన పల్లెల్లో అదే ఫ్లోరైడ్ మితిమీరి నీళ్లలో ఉంటే, దాన్ని తీసేసే ఏర్పాటు అప్పట్లో లేదు.

1970ల నాటికి జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి రూపొందించారు. దానికి మన జిల్లా పేరే పెట్టారు: నల్గొండ టెక్నిక్. ఖర్చు తక్కువ, నిజమే. కానీ ఆ నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో చూసి పటిక వేయాలి, కలపాలి, తేరనివ్వాలి, అడుగున చేరిన మడ్డి పారబోయాలి. పొద్దున్నే కూలికి పోయే తల్లి రోజూ ఈ పని ఎలా చేస్తుంది? భారమంతా ఆమె మీద వేసి పరిష్కారం దొరికిందనుకోవడం తప్పు.

పేదరికం ఇంకో రకంగానూ దెబ్బతీసింది. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లల్లో ఫ్లోరైడ్ హాని ఎక్కువ. డబ్బున్నవాళ్లు క్యాన్ నీళ్లు కొనుక్కున్నారు, లేనివాళ్లు బోరింగు నీళ్లే తాగారు. 1967లో నాగార్జున సాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. అయినా ఆ ఆనకట్ట ఉన్న జిల్లాలోనే మునుగోడు వైపు ఎగువ ఊళ్లు ఆ నీళ్లు అందక బోర్ల మీదే బతికాయి.

2008-09లో కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. తొలి జిల్లాల్లో నెల్లూరు ఒకటి. తెలంగాణ వచ్చాక 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీళ్లను ఇళ్ల దాకా తెచ్చింది. అది గొప్ప పని.

అయితే నదినీళ్లు ఇప్పుడు పుట్టే పిల్లల పళ్లను కాపాడతాయిగానీ, అప్పుడు చెడిన పన్నును మార్చలేవు. ఆ మచ్చల్ని పోగొట్టే మందు లేదు. తొడుగులు వేయించడం లాంటి వైద్యం ఉంది, దాని ఖర్చు కూలివాళ్లకు అందదు. తమ తప్పేమీ లేకుండా ఆ నీళ్లు తాగిన వాళ్లకు ఆ వైద్యం ప్రభుత్వ దంత వైద్యశాలల్లో పూర్తి ఉచితంగా చేయించాలి.